చాటలో తంబాకు

ఎర్రవాగు ఊళ్ళో భూదవ్వ ఇంటిని వెలి వేసినప్పుడు ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. డప్పు కొట్టి చాటలేదు, గుమ్మం ముందు ముళ్ళకంప వేయలేదు. అదంతా పాత పద్ధతి. ఇప్పుడు ఒక్క వేలు చాలు.

పొద్దున్నే కిరాణా కొట్టుకు పోయి చింతపండు అడిగింది. కొట్టు మల్లేశం తూకం కూడా వేశాడు. ఆమె ఫోను ముందుకు చాపింది.

"పోతలేదవ్వా, నెట్ లేదు" అన్నాడు, చింతపండు మళ్ళీ డబ్బాలో పడేసుకుంటూ.

పిండి గిర్నీలోనూ నెట్ లేదు. బీడీల కార్ఖానాలో టేకేదారు "నీ పేరు ఎక్కుతలేదు, నెట్ లేదు" అని ఆమె కట్టలు పక్కకు తోసేశాడు. ఆమె వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళ పేర్లు మాత్రం వరసగా ఎక్కాయి. ఊరందరికీ ఉన్న నెట్ భూదవ్వ ఒక్కదానికే లేకుండా పోయింది.

అప్పటికి నోట్లు, చిల్లర లేకుండా పోయి చాలా కాలమైంది. మాటైనా పైసైనా 'ముచ్చట' అనే యాప్‌లోనే. అందులో ఒక మనిషిని బ్లాక్ చేస్తే ఇద్దరి మధ్య మాట తెగుతుంది, పైసా తెగుతుంది. బ్లాక్ అయిన మనిషికి మాత్రం ఆ సంగతి తెలియదు. తెలిస్తే నొచ్చుకుంటారని కంపెనీవాళ్ళ దయ. నీ తెర మీద ముల్లు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మనిషి మొహం తిప్పుకున్నాడో, టవర్ పడిపోయిందో నువ్వే ఊహించుకోవాలి. ఊహించుకుంటూ చావాలి.

భూదవ్వ చేసిన తప్పు ఏమిటంటే బెల్టుషాపు మీదికి ఆబ్కారోళ్ళను పిలవడం. ఆ షాపును ఏటా వేలం వేసేది గ్రామాభివృద్ధి కమిటీ. ఏ చట్టమూ పుట్టించని కమిటీ, కానీ ఊళ్ళో చట్టం అదే. ఆ షాపు సారా తాగే భూదవ్వ మొగుడు గంగాధర్ రక్తం కక్కుకుని పోయాడు. కమిటీ పెద్ద ముత్తెన్న ఆమెను చావడికి పిలిచి, తల వంచి తప్పు ఒప్పుకోమన్నాడు.

"నా మొగన్ని మింగినోళ్ళకు నేను తప్పు ఒప్పుకోవాల్నా" అని ఆమె ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రమే ఊరంతటినీ కమిటీ భవనం ముందు నిలబెట్టారు. అందరూ ఫోన్లు పైకెత్తారు. భూదవ్వ నంబరు, ఆమె కూతురు వినోద నంబరు మైకులో చదివారు. "బ్లాక్ పెట్టుండ్రి" అన్నాడు ముత్తెన్న. అందరూ పెట్టారు. ఆ ఇంటి నుంచి ఎవరికైనా మాట వచ్చినట్టు తేలితే జుర్మానా, పట్టిచ్చినవాడికి అందులో సగం. ఈ సంగతి తల్లీకూతుళ్ళకు చెప్పింది కూడా ఊరివాళ్ళు కాదు, పక్క ఊరి గొర్ల కాపరి.

వినోద మండలాఫీసుకు పోయింది. అక్కడి ఆఫీసరు ఓపికగానే విన్నాడు.

"అది నెట్‌వర్క్ ప్రాబ్లం కావచ్చు గదమ్మా" అన్నాడు.

"ఊరందరికి ఉండి మా ఇంటికే ఎట్ల ఉండదు సార్?"

"ఉండకపోవచ్చు. వెలి అంటున్నవ్, చూసినోళ్ళెవరు? ఊళ్ళెకెల్లి ఒక్క మనిషిని తీస్కరా. అవును, చేయమన్నరు, మేం చేసినం అని సంతకం పెట్టాలె. ఒక్కరు చాలు, కేసు రాస్త."

ఒక్కరు. ఎక్కడని వెతకాలి? ఎదురుపడితే ఊరు మాట్లాడదు. అందరికీ మెసేజీలు పంపుదామంటే, మనసొప్పక ఇంటికి పోయి బ్లాక్ తీసేసిన మనిషి ఎవరైనా ఉంటే ఆ ఫోనే మోగుతుంది. టీ కొట్టు దగ్గర కాచుకుని ఉన్న పోరగాళ్ళ చేతిలో పడుతుంది. కావలసిన ఒక్క మనిషిని చేజేతులా పట్టిచ్చినట్టే.

"లసుంబాయి తీసేసుంటది" అంది భూదవ్వ.

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వక ఇంకెవలకు తెలుస్తది. నువ్వు కడుపుల పడ్డప్పుడు నెల రోజులు నా వంతు బీడీలు గూడ అదే చుట్టింది."

లసుంబాయి, భూదవ్వ కార్ఖానా అరుగు మీద పక్కపక్కన కూర్చుని ముసలివాళ్ళయ్యారు. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఫోను కూడా అందులోనే, ఆకుల కింద. కార్ఖానాలో ఫోను మోగితే టేకేదారు ఊరుకోడు కనుక అందరూ చప్పుడు ఆపేసి పెడతారు. ఫోను వస్తే చాట సన్నగా అదురుతుంది, తంబాకు కదులుతుంది. చూసి, పక్కకు పోయి మాట్లాడుకుంటారు. వినోద పాకే వయసు నుంచీ ఆ చాటల మధ్యనే పెరిగింది.

వినోద పని చేసేది జిల్లా కేంద్రంలో, హబీబ్ భాయ్ మొబైల్ రిపేరు దుకాణంలో. పగిలిన అద్దాలు మార్చడం, తడిసిన బోర్డులు ఆరబెట్టడం. చేతిలో పని ఉన్నా బుర్ర ఊళ్ళోనే ఉండేది. కంపెనీ జవాబు దాచిపెడుతుంది, సరే. మరి జవాబు రావడానికి పట్టే టైమును దాచగలదా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆమె నిద్ర మానుకుంది.

ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. నీ ఫోను నుంచి ఒక మనిషి ఫోనుకు ఉత్త తట్టు ఒకటి పంపు. మాట లేదు, బొమ్మ లేదు, ఖాళీ తట్టు. బ్లాక్ చేసిన మనిషైతే కంపెనీ మిషను దాన్ని గడప దగ్గరే ఆపి వెనక్కి పంపిస్తుంది. చేయని మనిషైతే ఆ తట్టు ఫోను దాకా పోయి, తాకి, తిరిగి వస్తుంది. దూరం ఎక్కువ, టైము ఎక్కువ. రెప్పపాటులో వెయ్యో వంతు తేడా. మనిషికి తెలియదు, మిషనుకు తెలుస్తుంది.

హబీబ్ భాయ్ పాత మీటరు ఒకటి ఇచ్చాడు. దానికి ముల్లు ఉంది. వినోద తన ఫోనును దానికి కలిపింది. బల్ల మీద రబ్బరు షీటు, షీటు మీద హబీబ్ భాయ్ ఫోను.

"బ్లాక్ పెట్టిన. కొట్టు బేటీ."

ఆమె మీట నొక్కింది. ముల్లు సగం దాకా లేచి పడిపోయింది.

"తీసేసిన. ఇప్పుడు కొట్టు."

ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది.

మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. ముల్లు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

"ఫోను మోగిందా భాయ్? లైటు వెలిగిందా?"

హబీబ్ భాయ్ ఫోను మీదికి వంగి చూశాడు. "లేదు. ముర్దా లెక్క పండుకున్నది" అన్నాడు. తర్వాత మీటరు వంక చూస్తూ గడ్డం గోక్కున్నాడు. "మంచిదో చెడ్డదో తెల్వది గని, నా ఫోనుకు మాత్రం ఈ మీటరు కలపకు. మా బామ్మర్దులు ఎందరు బ్లాక్ చేసిండ్రో తెలుస్తె నేను బతకలేను."

వినోద నవ్వింది. వెలి పడిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

మిషను సంచిలో పెట్టుకుని ఊరికి పోయింది. మధ్యాహ్నం, తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నారు. భూదవ్వ వీధి మొదటి నుంచి ఇల్లిల్లూ పేర్లు చెబుతోంది, వినోద తడుతోంది.

"కొట్టు మల్లేశం."

సగం.

"కుమ్మరి సాయిలు."

సగం.

"దాయమ్మ. దాని కోడలు పురుడు నేనే పోసిన. చూడు."

సగం.

"ఆమె కోడలు?"

సగం.

"మా తమ్ముడు నర్సింలు."

వినోద మీట మీద వేలు పెట్టి ఆగింది. "వద్దులేవే అమ్మా."

"కొట్టు."

ముల్లు సగం లేచి పడిపోయింది. భూదవ్వ కాసేపు ముల్లు వంకే చూసింది.

"కమిటీ జేయమంటె జేసిండు" అంది.

"ఇంటికి వోయి తీసెయ్యొచ్చు గద."

"భయమైతది గదనే. పిల్లలున్నోడు."

పేర్లు చెబుతున్న కొద్దీ భూదవ్వ గొంతు సన్నబడిపోయింది. మొదట్లో ప్రతి పేరు వెనకా ఒక చుట్టరికం చెప్పేది. తర్వాత తర్వాత ఉత్త పేర్లే చెప్పింది. కొత్త మిషను చేసే పని ఇదన్నమాట. ఇన్నాళ్ళూ నెట్ లేదేమో, బ్లాక్ తీసేసి కూడా భయానికి పలకడం లేదేమో అని నూరు సాకులు ఉండేవి. ముల్లు ఒక్కో సాకునూ తీసి పక్కన పడేసింది. ఊరు మొత్తం సగం దగ్గరే ఆగి పడిపోయింది.

"లసుంబాయి" అంది చివరికి. కావాలనే చివరికి దాచుకుంది.

ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది.

భూదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళొకసారి కొట్టు బిడ్డా."

చివరిదాకా పోయింది.

"నాకియ్యి." మీట తను తీసుకుని నొక్కింది. ముల్లు పోయింది. మళ్ళీ నొక్కింది. "పలుకుతున్నదే. చూడు, పిలిస్తె పలికినట్టే పలుకుతున్నది."

"చాలు అమ్మా. దొరికింది గద. పొద్దుగూకినంక ఎట్లన్న కలిసి ఆఫీసరు సంగతి చెప్పుదాం."

"చప్పుడు గాదంటివి గద?"

"గాదు."

"మరి నన్ను కొట్టనియ్యి. మనిషి మొకం చూసి ఎన్నొద్దులాయె."

వినోద వద్దనలేకపోయింది. తల్లి పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి నొక్కింది. బియ్యం కడిగి వచ్చి నొక్కింది. అన్నం వార్చి, తడి చెయ్యి చీరకు తుడుచుకుంటూ వచ్చి నొక్కింది. ముల్లు చివరిదాకా పోయిన ప్రతిసారీ ఆమె మొహం మీద ఒక వెలుగు. ఆ వెలుగు ఆర్పే హక్కు తనకు లేదనుకుంది వినోద. అదే ఆమె చేసిన తప్పు. తప్పని అప్పటికి తెలియదు.

సూర్యుడు వాలే వేళకు ముల్లు సగం లేచి పడిపోయింది.

"వైరు లూజైనట్టున్నది" అంది భూదవ్వ.

వినోద వైర్లు బిగించింది. సగం. బ్యాటరీ మార్చింది. సగం.

మర్నాడు పొద్దున లసుంబాయి తన మేకను తోలుకుంటూ వాళ్ళ కంచె పక్కకు వచ్చింది. ఇటు చూడలేదు. మేకను ఆపి, దాని మెడ మీద చెయ్యి వేసి మాట్లాడసాగింది. వెలి పడిన ఇంటితో మాట్లాడితే జుర్మానా. మేకతో మాట్లాడితే కమిటీ కూడా ఏమీ అనలేదు.

"ఓ మేకా, నీకే చెప్తున్న, ఇంకెవలకు గాదు. నిన్న కార్ఖానల కూసున్ననా, నా చాటల తంబాకు ఉలిక్కిపడ్డది. ఒక్కసారైతె బల్లి అనుకుందురు. మళ్ళ పడ్డది. మళ్ళ పడ్డది. పక్కపొంటి కూసున్న పోసాని 'నీ చాట ఆడుతున్నదేందే' అన్నది. నేను ఒడి ఇట్ల జరుపుకున్న, అట్ల జరుపుకున్న. ఆగదాయె. ఆకులు తీసి చూస్తిమి, ఫోను నల్లగున్నది. ఎవలు చేసినట్టు లేదు, ఏం లేదు. ఉత్తగనే అదురుతున్నది."

కంచెకు ఇవతల వినోదకు అప్పుడు అర్థమైంది. తట్టుకు జవాబు చెప్పడానికి ఫోను సగం నిద్ర లేస్తుంది. లేచేటప్పుడు లోపలి మోటారు ఒక్క పిసరు జలదరిస్తుంది. చేతిలో ఉంటే తెలియదు. రబ్బరు షీటు మీద అసలే తెలియదు. వెదురు చాటలో పొడి తంబాకు కింద పెడితే ఊరందరికీ తెలుస్తుంది. చాటల మధ్య పెరిగిన మనిషి రబ్బరు షీటు మీద పరీక్ష చేసి, పని అయిపోయిందనుకుంది.

"టేకేదారు ఫోను గుంజుకపోయి ముత్తెన్న చేతుల వెట్టిండు. ఆయన లోపల తిప్పి తిప్పి చూసిండు. భూదవ్వ మీద గాని, వినోద మీద గాని బ్లాక్ లేదు. అందరి ముంగట నా ఏలు వట్టి నాతోనే పెట్టిచ్చిండ్రు. కార్ఖాన కార్డు గుంజుకున్నరే మేకా. ఇగ నాకు బీడీలు లేవు."

భూదవ్వ కంచె దగ్గరికి పోలేదు. వెనక్కి తిరిగి తన ఇంటి గోడ ముందు నిలబడింది.

"ఓ గోడా, కొట్టింది నేనేనే. దాని పానం ఉసూరుమనిపించింది నేనే. తప్పు నాదే అని లసుంబాయికి చెప్పు. ఇంకొక మాట గూడ అడుగు. ఆఫీసరు దగ్గర ఒక్క సంతకం పెడ్తదా అడుగు."

లసుంబాయి చాలాసేపు మేక చెవులు నిమిరింది.

"పా మేకా" అంది. "మనం ఈ ఊళ్ళెనే బతకాలె."

రెండు రోజుల తర్వాత ముత్తెన్న హబీబ్ భాయ్ దుకాణానికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో పండ్ల సంచి. వెలి ఇంటి పిల్లతో తను మాట్లాడవచ్చా అన్న అనుమానం ఆయనకు లేదు. రూలు పెట్టినవాడికి రూలు ఎక్కడిది?

"మంచి మిషను చేసినవ్ బిడ్డా" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "మీ అమ్మ గోడకు చెప్పింది ఊళ్ళె చెవులు గూడ విన్నయి, ఫోన్ల పని తెలిసింది నువ్వేనాయె. మా ఊరి పిల్ల ఇంత తెలివైందని నాకే తెల్వదు. ఊరికి పనికొచ్చే మిషను."

"ఏం పని పెద్దనాయినా?"

"లసుంబాయి ఒక్కతేనా, ఇంక ఎవలన్న ఉన్నరా అని ఊళ్ళె అనుమానం వడ్డది. ఒకలనొకలు నమ్ముతలేరు. అనుమానం ఊరికి మంచిది గాదు. శుక్రారం అందరిని చాటలు తెమ్మన్న. నువ్వచ్చి ఒక్కసారి తట్టు."

"మీరే తట్టుకోండ్రి."

"మా ఫోన్ల కెల్లి ఎట్లయితది? బ్లాక్ అయినోళ్ళే గద తట్టి చూసేది. మీ ఇంటి నంబరుకే ఆ భాగ్యం." నవ్వాడు. "వస్తే లసుంబాయి కార్డు తిరిగి ఇప్పిస్త. రాకపోతే నీ ఇష్టం. చుట్టుముట్టు ఊర్ల కమిటీలు గూడ అడుగుతున్నయి బిడ్డా. నీకు మంచి పేరస్తది."

పండ్ల సంచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. హబీబ్ భాయ్ దాన్ని తీసి బయట మెట్టు మీద పెట్టాడు.

"పోకు బేటీ."

వినోద ఇంటికి వచ్చి తల్లికి చెప్పింది. వైరు ఒకటి ఊడపీకి ఉత్తుత్తగా నొక్కితే సరి, ఏ చాటా కదలదు, ఎవరికీ హాని ఉండదు, లసుంబాయి కార్డు వస్తుంది అంది. భూదవ్వ తల ఊపింది. కాసేపటికి తల ఎత్తకుండానే అంది.

"నిజంగ కొడితె, ఎవలన్న ఉంటరేమో."

"ఉంటె వాళ్ళను బతకనియ్యరే అమ్మా."

"తెలుసు" అంది భూదవ్వ. "తెలుసు బిడ్డా."

శుక్రవారం కమిటీ భవనం ముందు బండల మీద చాటలు వరసలు తీరి ఉన్నాయి. ఒక్కో చాటలో ఒక ఫోను, దాని మీద నాలుగు ఆకులు, ఆకుల మీద చిటికెడు తంబాకు. ప్రతి చాట వెనకా ఆ ఇంటివాళ్ళు నిలబడ్డారు. ముత్తెన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన ముందు కూడా ఒక చాట ఉంది.

ఆయన తెలివితక్కువవాడు కాడు.

"నా ఫోనుల నీ మీది బ్లాక్ తీసేసిన బిడ్డా" అన్నాడు మైకులో. "అయిదిండ్లకు ఒకసారి నాది తట్టాలె. నాది ఆడితె మిషను నిజం చెప్తున్నట్టు. ఆడకపోతె లసుంబాయి కార్డు ఈడనే చింపుత."

వినోద ఊడపీకిన వైరును మళ్ళీ పెట్టింది. ముందు ఆయనది తట్టింది. ముత్తెన్న చాటలో తంబాకు ఉలిక్కిపడింది. జనంలో చిన్న గుసగుస.

తర్వాత పేర్లు. కొట్టు మల్లేశం చాట కదలలేదు. సాయిలు చాట కదలలేదు. ఒక్కో మీట నొక్కే ముందు వినోద కదలొద్దు, కదలొద్దు అని లోపల మొక్కుకుంది. కదిలితే ఆ ఇల్లు ఇవాళే కూలిపోతుంది. పక్కన నిలబడ్డ భూదవ్వ కళ్ళు మాత్రం ఒక చాట నుంచి ఇంకో చాటకు పాకుతున్నాయి. అవి ఏం అడుగుతున్నాయో వినోదకు తెలుసు. చెయ్యి ఒకటే, మొక్కులు రెండు.

దాయమ్మది కదలలేదు. దాయమ్మ కోడలిది కదలలేదు. నడుమ నడుమ ముత్తెన్న చాట ఎగిరెగిరి పడుతోంది. పోసానిది కదలలేదు. నర్సింలు తన చాట వెనక నిలబడి అక్క వంక చూడకుండా తన కాళ్ళనే చూసుకున్నాడు. ఆయన చాటలో ఒక్క పలుకు కూడా జరగలేదు. చివరి వరసలో లసుంబాయి. వినోద నొక్కింది. లసుంబాయి కళ్ళు మూసుకుంది. తంబాకు పోసిన చోటే ఉంది.

"ఊరు ఒక్క మాట మీదున్నది" అన్నాడు ముత్తెన్న. జనం చప్పట్లు కొట్టారు. ఒకరి మీద ఒకరికి ఇన్నాళ్ళుగా ఉన్న అనుమానం తీరిపోయిందేమో, కొందరు నవ్వుకున్నారు కూడా. కార్డు లసుంబాయి చాటలో పడింది. ఆమె తీసుకుని, ఎటూ చూడకుండా కార్ఖానా దారి పట్టింది. ఒక పిల్లగాడు వచ్చి వినోద మిషను తీసుకుని కమిటీ భవనంలోకి పోయాడు. ఆమె అడ్డుకోలేదు. ఆఫీసరుకు కావలసిన ఒక్క మనిషి లేడని ఆ మిషనే ఊరందరి ముందు సాక్ష్యం చెప్పింది. ఇంక దానితో ఆమెకేం పని?

తల్లీకూతుళ్ళు ఇంటికి నడిచారు. కొట్టు ముందు నుంచి, గిర్నీ ముందు నుంచి. ఎవరూ పలకలేదు. సంచిలో ఫోను మోగింది. ఊరు మొత్తంలో వాళ్ళకు తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, దాని నుంచి వచ్చిన మెసేజి అది. వినోద తీసి చూసింది. 'థాంక్స్ బిడ్డా' అని ముత్తెన్న.

భూదవ్వ అడగలేదు, చూడలేదు. కంచె దగ్గర ఆగి, కమిటీ భవనం వైపు తిరిగి నిలబడింది. చెట్ల ఆకులు కూడా కదలని ఎండ.

"అన్ని చాటలు" అంది. "గాలన్న రాకపాయె బిడ్డా."